మంగళవారం లైబ్రరీ

మొన్న మా మనవరాలు నన్ను మస్కట్‌లోని పెద్ద లైబ్రరీకి తీసుకెళ్ళింది. నిజం చెప్పాలంటే వెంట లాక్కెళ్ళింది. ఒంటరిగా ఇంట్లో వదిలేస్తే ఏసీ కట్టేసి చెమటలు కక్కుతూ కూర్చుంటానని దానికి భయం. మా అమ్మాయి ఆసుపత్రిలో డ్యూటీలో ఉంది, ఈ పిల్లకి కాలేజీ పరీక్షలు దగ్గరపడ్డాయి, నేను ఎక్కడో ఒకచోట కుదురుగా కూర్చుంటే చాలని ఇద్దరికీ ఉంటుంది. సరేనని వెళ్ళాను. తలుపులు వాటంతట అవే తెరుచుకున్నాయి గానీ లోపల పలకరించే మనిషి మాత్రం కనబడలేదు. పుస్తకం కావాలంటే ఒక యంత్రం ముందు పెట్టాలట, తిరిగి ఇవ్వాలంటే గోడకున్న కంతలో పడెయ్యాలట, ఏది ఎక్కడుందో తెలియకపోతే అద్దం మీద వేలితో పొడవాలట. ఒక మూల కాఫీ కొట్టు కూడా పెట్టారు. పుస్తకాల మధ్య కాఫీ! ధాన్యం బస్తాల్లాంటి మెత్తల మీద పెళ్ళీడు పిల్లలు వెల్లకిలా పడుకుని ఉన్నారు, ఒకడైతే నోరు తెరుచుకుని నిద్రే పోతున్నాడు.

మా పిల్ల ఒక లావుపాటి పుస్తకం దించుకొచ్చి, బల్ల మీద పరిచి, ఫోను తీసి టకటకా నలభై పేజీల దాకా ఫోటోలు కొట్టింది. పట్టుమని పది నిమిషాలు పట్టలేదు. పుస్తకం మూసేసి లేచింది.

“అదేంటే, చదవవా?” అన్నాను.

“ఫోన్లో ఉంది కదా అమ్మమ్మా, తర్వాత చూస్తాలే.”

“పోయినేడు తీసినవి చూశావా?”

“అబ్బా, అమ్మమ్మా!” అని కాఫీ కొట్టు వైపు నడిచింది.

నాకు ఒళ్ళు మండింది. ఆ మంట ఇంటికొచ్చాక కూడా చల్లారలేదు. పప్పు పోపు వేస్తున్నా, బట్టలు మడత పెడుతున్నా, ఆ పది నిమిషాలే కళ్ళ ముందు తిరిగాయి. ఎందుకంటే ఈ ఊళ్ళోనే, ముప్పై అయిదేళ్ళ పైచిలుకు కిందట, ఇప్పటి అద్దాల మేడ కాదు, అప్పటి పాత భవనంలో, అంతే లావున్న ఒక పుస్తకాన్ని నేను ఒక్కొక్క అక్షరమే చేత్తో దింపుకున్నాను. అందులో ఒక్క ముక్క కూడా నాకు చదవడం రాదు. మీలో నా ఈడు వాళ్ళుంటే నవ్వకండి, నవ్వవలసిన చోట నేనే చెబుతాను.

మాది నరసాపురం దగ్గర ఒక పల్లె. మూడో తరగతి దాటకుండానే బడి మానిపించి లేసు అల్లికలో కూర్చోబెట్టారు. మా వైపు, ముఖ్యంగా మా క్రైస్తవుల ఇళ్ళలో, ఆడపిల్లకి అక్షరాలు వచ్చినా రాకపోయినా లేసు సూది పట్టుకోవడం మాత్రం వచ్చి తీరాలి. తెలుగు కూడబలుక్కుని చదవగలను, అంతే నా చదువు. పెళ్ళయ్యాక మా ఆయన ఈ ఊళ్ళోనే ఘాలా పేటలో ఒక గ్యారేజీకి పనికొచ్చారు, తర్వాత రెండేళ్ళకి నేను ఒక ఆసుపత్రిలో ఆయాగా వచ్చాను. వచ్చిన ఏడే ఇంజను ఎత్తుతుండగా ఆయన నడుము దెబ్బతింది. కంపెనీ టిక్కెట్టు చేతిలో పెట్టి ఇంటికి పంపేసింది. ఆయన అక్కడ మంచం మీద, ఆరేళ్ళ మా అమ్మాయి మా అమ్మ దగ్గర, నేను ఇక్కడ మత్రాలో ముగ్గురాడవాళ్ళు ఉండే రూములో. ఇంటికి వచ్చే జీతం అదొక్కటే.

అలాంటి రోజుల్లో మా ఆసుపత్రిలో కొత్త ఆర్డరు ఒకటి వచ్చింది. ఆయాలందరికీ పరీక్ష పెడతారట. రంజాను పండగ అయ్యాక మేట్రన్ ఒక్కొక్కరినీ పిలిచి నోటితో అడుగుతుంది, హిందీలో చెప్పినా ఫరవాలేదు గానీ, చెప్పేది మాత్రం ఫలానా ఇంగ్లీషు పుస్తకంలో ఉన్నట్టే ఉండాలి. పాసైతే నర్సులకు సహాయకురాలు, తప్పితే వీసా క్యాన్సిల్, సామాను సర్దుకోవడమే. ఇంగ్లీషు పుస్తకమట, ఆయాలకట! ఆ ఆర్డరు రాసిన మహానుభావుడెవరో గానీ చీపురు పట్టుకున్న చెయ్యి ఎప్పుడైనా చూశాడా అని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ పుస్తకం కొనడానికి నాకు చెయ్యి రాలేదు. ఒకసారి చదివి పక్కన పడేసే దానికి అంత పొయ్యడం నా వల్ల కాదు. మా రూములో ఉండే స్టాఫ్ నర్సు, పాలకొల్లు వైపు ఆవిడ, నాకంటే నాలుగేళ్ళు పెద్దది, అక్కా అని పిలిచేదాన్ని. ఆవిడ చెప్పింది, పెద్ద లైబ్రరీలో ఆ పుస్తకం ఉంది, లోపల కూర్చుని చూసుకోవడానికి ఎవరూ ఏమీ అడగరు అని. చెబితే చాలదా, పరిగెత్తాను. తీరా చూస్తే శుక్రవారం లైబ్రరీ మూత. నాకు సెలవు శుక్రవారమే. ఈ దేశంలో మన ఆదివారపు ఆరాధన శుక్రవారం జరుగుతుంది కదా, అందుకని మేమంతా ఆ రోజే సెలవు పెట్టించుకునే వాళ్ళం. మేట్రన్‌ని బతిమాలి నా సెలవు మంగళవారానికి మార్పించుకున్నాను. మందిరానికి రావడం మానేశానని అక్కడి ఆడవాళ్ళు సన్నాయి నొక్కులు మొదలుపెట్టారు. “ఏమ్మా, ఇప్పుడు నీకు మంగళవారం దేవుడు దొరికాడేంటి?” అని ఒకావిడ బస్సులో అందరూ వినేలా అంది.

లైబ్రరీ కౌంటరు దగ్గర ఒక బలూచీ పెద్దాయన కూర్చునేవాడు. ఒమాన్‌లో పుట్టి పెరిగిన మనిషే, హిందీ బాగా వచ్చు. తెల్లటి దిష్‌డాషా, అంటే కాళ్ళదాకా పొడవాటి అంగీ, తలకు కుమ్మా టోపీ, ముక్కు చివర కళ్ళజోడు. ఆ మనిషికి ఉన్నన్ని నియమాలు మా ఆసుపత్రిలో ఆపరేషన్ గదికి కూడా లేవు. సంచి లోపలికి రాకూడదు. పెన్ను రాకూడదు, పెన్సిలు మాత్రమే. నీళ్ళ సీసా రాకూడదు. కుర్చీ జరిపితే చప్పుడు కాకూడదు. నేను అడిగిన పుస్తకంలో ప్రతి పేజీ అడుగునా ఎర్ర ముద్ర ఉంది కనుక అది ఇంటికి ఇవ్వరు. కావాలంటే ఫోటోకాపీ మిషను ఉంది, పేజీకి ఇంత అని ధర చెప్పాడు. ఆ ధర విని నేను పెన్సిలు చెక్కుకున్నాను.

అక్షరాలు రాకుండా ఎలా రాశావని మా మనవరాలు ఇప్పుడు అడుగుతుంది. లేసు అల్లేవాళ్ళకి అదొక లెక్కా! ఊరికి కొత్త నమూనా వస్తే, అది తిరిగి వెళ్ళిపోయేలోపు కాగితం మీద గుర్తులు వేసుకోవాలి. ఏ మెలిక ఎటు తిరిగింది, ఎన్ని కళ్ళు, ఎక్కడ ముడి, కంటితో చూసి చేత్తో దింపడమే. ఇంగ్లీషు అక్షరాలు కూడా నాకు అలాగే కనబడ్డాయి. కడుపున్నది, తోకున్నది, రెండు కాళ్ళ మీద నిలబడేది. మంగళవారం పొద్దున్న తెరిచిన దగ్గర నుంచి మూసేదాకా వంచిన తల ఎత్తకుండా గీసేదాన్ని. ఆ గదిలో ఏసీ ఎముకలు కొరికేది, రెండు చీరలు ఒకదాని మీద ఒకటి చుట్టుకుని వెళ్ళేదాన్ని. సాయంత్రాలు అక్క డ్యూటీ దిగి వచ్చినప్పుడు నా నోటుబుక్కు చదివి తెలుగులో చెబితే, నేను చెవిలో వేసుకుని నాలుగైదుసార్లు గొణుక్కునేదాన్ని. పక్క మార్చడం, ఒళ్ళు తుడవడం, జ్వరం చూడడం, ఇవన్నీ అలా వచ్చేశాయి. ఒక్కటే గొడవ. ప్రతి పేజీ అడుగున అక్క ఆగి, “ఈ పుస్తకమును గ్రంథాలయము దాటి తీసుకొనిపోరాదు” అని చదివేది. ముద్రలో ఉన్నది కూడా నేను వదలకుండా దింపాను మరి, ప్రతి పేజీకీ. నాకేం తెలుసు, అది వైద్యం కాదని!

ఇక్కడిదాకా నవ్వచ్చు. ఇక నవ్వడానికి లేనిది చెబుతాను.

పుస్తకం రెండో సగంలో ప్రమాదాలు వచ్చాయి. ఒళ్ళు కాలితే, మూర్ఛ వస్తే, నెత్తురు కారితే, ఇలా. ఆ పేజీలన్నీ నిలువుగా రెండు వరసలుగా ఉన్నాయి. ఎడమ వరస నెత్తిన ఒక మాట, కుడి వరస నెత్తిన ఇంచుమించు అదే మాట, దానికి తోడు ఇంకో చిన్న ముక్క. లేసులో మాకు ఒక అలవాటు ఉంది. ఒక పువ్వు ఒకసారే గీస్తాం. మళ్ళీ అదే పువ్వు వస్తే చుక్క పెట్టి ముందుకు పోతాం, కాగితమూ కలిసొస్తుంది, పొద్దూ కలిసొస్తుంది. నేను కుడి వరస నెత్తిన ఉన్న మాట చూసి, ఇది గీసిందే కదా అని చుక్క పెట్టి వదిలేశాను. దాని కింద ఉన్నవన్నీ ఎడమ వరస కిందనే వరసగా దింపేశాను. ఒక పేజీ కాదు, ముప్పై పేజీల పైనే. ఎంత పొదుపుగా దింపానో అని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

అక్క సెలవు మీద దేశానికి వెళ్ళే ముందు రోజు సాయంత్రం, పెట్టె సర్దుకుంటూ ఆ పేజీలు తెరిచింది. రెండు లైన్లు చదివిందో లేదో చేతిలో చీర కింద పడేసింది.

“ఇదేంటమ్మాయ్! మూర్ఛొచ్చినోడి కాళ్ళూ చేతులూ గట్టిగా అదిమి పట్టుకోవాలా? నోట్లో చెంచా దోపాలా? నీళ్ళు పొయ్యాలా? ఎవణ్ణి చంపుదామని రాశావే ఇది?”

“పుస్తకంలో ఉన్నదే రాశాను” అన్నాను నేను, తగ్గకుండా.

“పుస్తకంలో చెయ్యొద్దన్నయ్యే, తల్లీ! చెయ్యాల్సినయ్యీ, చెయ్యకూడనియ్యీ కలిపి పులుసు పెట్టేశావు!”

ఆ రాత్రి తనకు తెలిసినంతవరకు కొన్నింటికి గీతలు పెట్టి ఇచ్చింది గానీ, ఆ ముప్పై పేజీలూ సరిచెయ్యడానికి ఆవిడకి పొద్దు లేదు. తెల్లారి విమానం ఎక్కింది. పరీక్షకి మూడు వారాలుంది. రెండు నెలల దాకా అక్క రాదు. మిగిలిన రూమ్మేటుకి ఇంగ్లీషు నాకు వచ్చినంతే వచ్చు. సగం తప్పుల పుస్తకం కంటే తెల్ల పుస్తకమే నయం అనిపించింది. ఇంటి దగ్గర మా అమ్మాయిని ఆ ఏడే బడిలో వేశారు. నేను క్యాన్సిల్ అయి వెళితే ఆ పిల్ల కూడా బడి మానేసి లేసు ముందు కూర్చోవడమే. ఆ ఆలోచన వచ్చేసరికి మాత్రం నాకు భయం వేసింది.

అప్పటికే రంజాను మొదలైంది. లైబ్రరీ వేళలు కోసేశారు, పొద్దున్న తెరిచి మధ్యాహ్నానికే మూత. డ్యూటీ దిగి నేరుగా వెళ్ళాను. బలూచీ పెద్దాయన ఉపవాసం మీద ఉన్నాడు, పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

“భాయ్‌సాబ్, ఒక్క రాత్రి ఇవ్వండి. రాత్రంతా కూర్చుని ఆ పేజీలు మళ్ళీ దింపుకుని రేపు పొద్దున్నే తెచ్చిస్తాను.”

“కితాబ్ బాహర్ నహీ జాయేగా, బహెన్.”

“నా పతాకా ఇక్కడే పెట్టుకోండి.” మా లేబరు కార్డుని అలా అనేవాళ్ళం.

“నహీ.”

“నేనేమైనా అమ్ముకుంటానా దాన్ని? దేవుడి నెలలో ఇంత మొండితనమా?”

నా గొంతు లేచిపోయింది. చదువుకునే వాళ్ళంతా తలలెత్తి చూశారు. “ఆవాజ్ కమ్!” అని ఆయన బల్ల మీద వేలితో కొట్టాడు. నాకు కోపమో, సిగ్గో తెలియలేదు, నోటుబుక్కు తెరిచి ఆయన ముందు పడేశాను. ఆయన తిప్పి చూశాడు. ఒక పేజీ, రెండు పేజీలు. ప్రతి పేజీ అడుగునా తన లైబ్రరీ ముద్ర, నా పెన్సిలుతో, గుండ్రటి గీతతో సహా. కళ్ళజోడు పైకి తోసి నా వైపు చూసి, “యే భీ లిఖా?” అన్నాడు. ఇది కూడా రాశావా అని. నేను తల ఊపాను. ఆ మనిషి నవ్వడం అదే మొదటిసారి చూశాను. నవ్వితే దగ్గొచ్చింది, దగ్గితే మంచినీళ్ళు తాగడానికి లేదు పాపం. అక్క చెప్పిన తప్పు ఎక్కడుందో చూపించాను. అప్పుడు నవ్వు ఆగిపోయింది.

పుస్తకం మాత్రం బయటికి ఇవ్వలేదు. తలుపులు మూసే వేళకి ఒక అరగంట ముందు, పాత పేపర్లు కట్టలు కట్టి పెట్టే గదిలోకి రమ్మన్నాడు. తలుపు బార్లా తెరిచి ఉంచి, తాను ఒక స్టూలు మీద కూర్చుని, నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని గట్టిగా చదవడం మొదలుపెట్టాడు. చీమ చిటుక్కుమంటే ఊరుకోని మనిషి! ఎడమ వరస చదివి, హిందీలో చెప్పి, “యే కర్నా” అనేవాడు. కుడి వరస చదివి, “యే నహీ కర్నా”, ఇది చెయ్యొద్దు, అనేవాడు. నేను నా బుక్కులో కుడి వరసవన్నీ వెతికి కొట్టివేత పెట్టుకునేదాన్ని. వెతకడం ఆలస్యమైతే విసుక్కునేవాడు. ఆయన మధ్యలో పుస్తకంతో పోట్లాటకి దిగితే నేను విసుక్కునేదాన్ని. కాలిన చోట తేనె రాయకూడదని ఉంటే, మా అమ్మ రాసేది, ఏం చచ్చామా అని పుస్తకాన్నే అడిగేవాడు. “మీ అమ్మగారి సంగతి తర్వాత, భాయ్‌సాబ్, తలుపులు మూసేస్తారు” అనేదాన్ని. తలుపులు మూసేది తానే అయినా, గడియారం చూసి గబగబా చదివేవాడు. మంగళవారమనే కాదు, డ్యూటీ కుదిరిన ప్రతి రోజూ వెళ్ళాను. ఆఖరి రోజున ఆ కుడి వరస నెత్తిన ఉన్న చిన్న ముక్క మీద వేలు పెట్టి, ఇది గుర్తు పెట్టుకో, జీవితంలో ఇది కనబడిన చోట ఆగు అన్నాడు. ‘నాట్’, అంటే వద్దని. ఇంగ్లీషులో నేను చదవడం నేర్చుకున్న మొదటి మాట అది. ఇప్పటికీ మందు సీసాల మీద ముందు దానికోసమే వెతుకుతాను.

పండగ అయిన వారానికి మేట్రన్ పిలిచింది. నా ముందు వెళ్ళిన ఆవిడ ఏడుస్తూ బయటికి వచ్చింది. నన్ను అడిగింది ఇది. వార్డులో ఒక పిల్లవాడి చెయ్యి మీద వేడి టీ ఒలికింది, నువ్వొక్కదానివే ఉన్నావు, ఏం చేస్తావు? నేను ఏం చెయ్యాలో చెప్పలేదు. ఏం చెయ్యకూడదో మొదలుపెట్టాను. పేస్టు పుయ్యను, వెన్న రాయను, తేనె రాయను, మంచుముక్క పెట్టను, బొబ్బ చిదమను, అతుక్కున్న గుడ్డ పీకను. ఆ పేపర్ల గదిలో కొట్టివేతలు పెట్టిన వరసలోనే వచ్చేశాయి. ఆ తర్వాత, పారే చల్లటి నీళ్ళ కింద చెయ్యి పెట్టి నర్సుని కేకేస్తానన్నాను. మేట్రన్ పెన్ను మూత తీసి, పొద్దున్నించి పేస్టు పూస్తానన్న వాళ్ళనే విన్నాను, పొమ్మంది. పేరు ఎదురుగా ఏదో టిక్కు పెట్టింది. అంతే, ఆ ఆసుపత్రిలో నేను ఇంకో పద్దెనిమిదేళ్ళు చేశాను. మా అమ్మాయి బడి మానలేదు.

ఆ మంగళవారం మత్రా సూక్ బజారులో హల్వా కొనుక్కుని లైబ్రరీకి వెళ్ళాను. నా చేతిలో డబ్బా చూడగానే ఆయన లేచి నిలబడ్డాడు. మెచ్చుకోవడానికి అనుకుంటున్నారేమో. “ఖానా అందర్ నహీ!” అని వేలు గుమ్మం వైపు చూపించాడు. ఇద్దరం బయట మెట్ల మీద, ఎర్రటి ఎండలో, కరిగిపోతున్న హల్వా తిన్నాం. పాసయ్యానని చెబితే ఆశ్చర్యపోలేదు. పరీక్ష అయిపోయింది కదా అని రావడం మానకు, ఇప్పుడు చదవడం నేర్చుకో అన్నాడు. నేర్చుకోలేదు. డ్యూటీలు, ఓవర్‌టైములు, ఇంటికి పంపడాలు, అలా గడిచిపోయింది. కొన్నేళ్ళ తర్వాత ఒకసారి వెళితే ఆ కుర్చీలో ఎవరో చిన్నవాడు కూర్చుని ఉన్నాడు. పెద్దాయన ఎక్కడని అడుగుదామంటే, ఇన్నాళ్ళూ భాయ్‌సాబ్ అని పిలవడమే గానీ పేరు అడగలేదని అప్పుడు తట్టింది.

ఇప్పటి పిల్లలకి ఏదీ అడగనక్కర్లేదు, ఎవరూ కాదనరు. మంచిదే, నేను పడ్డ చాకిరీ వాళ్ళు పడాలని నేనేమీ కోరుకోను. కానీ ఒక మనిషి ఎదురుగా నిలబడి కాదంటే కదా, ఇంకో మనిషి ఎందుకు అడుగుతున్నాడో ఆ మనిషికి తెలిసేది. మొన్న మా మనవరాలు కాఫీ తెచ్చుకునేలోపు, ఆ పెద్ద హాలు మధ్యలో నిలబడి, కావాలనే, గట్టిగా, తెలుగులో, “ఇక్కడ ఎవరైనా చదువుతున్నారా?” అని కేకేశాను. బల్ల మీద వేలితో కొట్టి నోరు మూసుకోమనే వాళ్ళు ఎవరైనా వస్తారేమోనని కాసేపు చూశాను. ఒక్కరూ తలెత్తలేదు. అందరి చెవుల్లోనూ ఆ తెల్ల బిరడాలు ఉన్నాయి.